నలభై ఒక్కరికి వినిపించిన పాఠం

భిన్నాల కూడికపై లెక్కల మాస్టారు చెప్పిన ఆన్‌లైన్ పాఠం ఈ విద్యా సంవత్సరానికే తలమానికమని బడి యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. నలభై రెండు మంది పిల్లల్లో నలభై ఒక్కరు అయిదుకు అయిదు నక్షత్రాలిచ్చారు. "స్పష్టత అమోఘం" అని కొందరు, "గొంతులో ఆప్యాయత ఉంది" అని మరికొందరు రాశారు. పాఠం సాగిన నలభై నిమిషాలూ మాస్టారి మైకు ఆపేసి ఉందన్నది చిన్న సాంకేతిక వివరం మాత్రమే.

పాఠం ముగించి కంప్యూటరు మూయబోతూ ఆ వివరం చూసుకున్న మాస్టారు వెంటనే క్యాలెండరు వంక చూశాడు. శుక్రవారం నాడు "మిగులు ఉపాధ్యాయుల" జాబితా వెలువడనుంది. అందులో పేరుంటే ఇరవై రెండేళ్ల ఉద్యోగానికి నీళ్లు వదులుకోవాల్సిందే.

తరగతి గదిలో ఆయన పద్ధతి మోటుది. మూడో బెంచీలో ఒక పిల్ల ఉండేది. ప్రతి లెక్కకూ లేచి "ఎందుకండీ?" అంటుంది కాబట్టి బడంతా ఆమెను అలాగే పిలిచేది. ఆమె నొసలు ముడిపడితే చాలు, మాస్టారు బోర్డు తుడిచి మళ్లీ మొదటికొచ్చేవాడు. మిగతా పిల్లలు గొల్లుమని నవ్వి, ఆనక జవాబు మాత్రం బుద్ధిగా రాసుకునేవారు. ఇందువల్ల ఒక్కో పాఠానికి రెండు పీరియడ్లు దండగయ్యేవి. ఆన్‌లైన్ విధానం ఈ జాడ్యాన్ని సమూలంగా నిర్మూలించింది. ఇప్పుడు నొసళ్లు లేవు. కెమెరాలు ఆపేసిన నల్లటి గళ్లున్నాయి, పాఠం చివర పైకి లేచే బొటనవేళ్లున్నాయి.

నలభై రెండో అభిప్రాయం ‘ఎందుకండీ’ది. "మాస్టారూ, మీరు చెప్పింది ఒక్క ముక్క కూడా వినిపించలేదు."

నాణ్యతా సంఘం అత్యవసరంగా తెరల మీద సమావేశమైంది. నలభై ఒక్కరికి వినిపించింది ఒక్కరికి వినిపించలేదంటే లోపం ఎవరిదో తేల్చడానికి పెద్ద లెక్కలు రానక్కర్లేదు. పిల్ల తండ్రిని పిలిపించారు.

"నేను పక్కనే కూర్చున్నానండీ. బ్రహ్మాండంగా చెప్పారు. ఇది చిన్నప్పట్నుంచీ ఇంతేనండీ, ఎవరేం చెప్పినా చెవికెక్కదు. ఇవాళే డాక్టరుకి చూపిస్తాను," అని ఆయన వాంగ్మూలమిచ్చాడు.

ఇక మాస్టారు ధ్రువీకరించడమే మిగిలింది. ఆయనకు సిగ్గేసింది. నోరు విప్పాడు కూడా. "మేడమ్, అసలా రోజు నా మైకు..."

హెడ్మాస్టరమ్మ ప్రసన్నంగా అడ్డుకుంది. "మీ వినయం మాకు తెలుసు మాస్టారూ. కానీ మైకు సంగతి ఎత్తారంటే నలభై ఒక్క మంది పసిపిల్లలు అబద్ధం చెప్పినట్టవుతుంది. అంతమందిని అవమానిద్దామా? పైగా రేపు శుక్రవారం."

ఆవిడ సంస్కారవంతురాలు, అంతకు మించి ఒక్క మాట అనలేదు. "విద్యార్థినికి వినికిడి లోపం ఉన్నట్టు గమనించడమైనది" అన్న కాగితం మీద మాస్టారు సంతకం చేశాడు. మర్నాటి జాబితాలో ఆయన పేరు రాలేదు.

సోమవారం మైకు నాలుగుసార్లు చూసుకుని మరీ పాఠం మొదలుపెట్టాడు. మనసు పీకుతూనే ఉంది. ఆ పిల్ల ఒక్కసారి నిలదీస్తే చాలు, ఉద్యోగం పోతే పోయింది, అందరి ముందూ నిజం కక్కేద్దామనుకున్నాడు. అందుకే కావాలని తప్పు లెక్క వేశాడు. సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు వంతులన్నాడు. అంటే సగానికి ఇంకొంత కలిపితే, సగం కంటే తక్కువైందన్నమాట. బొటనవేళ్లు టపటపా లేచాయి.

"నీకు అర్థమైందామ్మా?" అని ‘ఎందుకండీ’ని ప్రత్యేకంగా అడిగాడు.

ఆమె గడి వెలిగింది. రెండు చెవులకూ కొత్త మిషన్లు, పక్కనే తండ్రి. లెక్క చూసి ఆమె నొసలు ముడిపడింది. మాస్టారు తెర దగ్గరకు జరిగాడు. ఆమె తండ్రి వైపు ఒకసారి చూసి, తల వంచుకుంది.

"అర్థమైందండీ. చాలా బాగా చెప్పారు."

ఆ నెల ప్రోగ్రెస్ రిపోర్టులో ఆమె వినికిడి పూర్తిగా బాగుపడినట్టు నమోదైంది. దాని మీద సంతకం పెడుతుంటే తండ్రికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. పిల్లల్ని బడికి పంపేవాళ్లం, మనకు మాత్రం ఇంతకంటే ఏం కావాలి?