నూట ఇరవై గంటల తుడుపు

జైలు అనేది నాగరిక సమాజానికి తగదని శిక్షల సంస్కరణ విభాగం ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఫ్యాను తిరగని గదిలో తీర్మానాలు త్వరగా అవుతాయి.) ఇకమీదట చిన్న నేరస్థులు సమాజంలోనే ఉంటూ, సమాజానికి సేవ చేస్తూ, సమాజం చేతుల్లో మారతారు. సమాజాన్ని ఎవరూ అడగలేదు.

పథకానికి మొదటి లబ్ధిదారుడు ఒక వెల్డరు. పార్కింగ్ తగాదాలో పక్కింటాయన కారు అద్దం పగలగొట్టాడు. నెల రోజుల జైలుకు బదులు ప్రభుత్వాసుపత్రిలో నూట ఇరవై గంటల సేవ. అక్కడ కాళ్లు ఊడిన మంచాలు పద్దెనిమిది ఉన్నాయి. ఆయనకేమో వెల్డింగ్ వచ్చు. కానీ ఫారంలో ‘తుడుచుట’ అన్న గడి ఒక్కటే ఉంది కాబట్టి చేతికి మాపు కర్ర ఇచ్చారు.

అదే వార్డును తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద తుడుస్తున్నది ఆయన భార్యే. ఆయనకు పని దొరకని నెలల్లో ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. ఇంట్లో చీపురు ఏ మూల ఉంటుందో తెలియని ఆ మహానుభావుడు తొలి గంటలోనే బకెట్టు బోర్లించి వార్డంతా చెరువు చేశాడు. గంటకో ఫోటో యాప్‌లో పెట్టాలి. నేల మెరవకపోతే ఆ గంట చెల్లదు, గంటలు చెల్లకపోతే జైలు.

“నువ్వా గోడ పక్కన నిలబడు. కదిలావంటే ఊరుకోను,” అని ఆమే తుడిచింది. ఆయన కర్ర పట్టుకుని ఫోటోలో పశ్చాత్తాపపడ్డాడు. అలా నూట ఇరవై ఫోటోలు.

విభాగం మురిసిపోయింది. నేరస్థుడి పనితనం అద్భుతమనీ, ఇక ఈ వార్డుకు జీతగాళ్లు అనవసరమనీ సమీక్షాధికారి నివేదిక రాశాడు. ఒకటో తారీఖు నుంచి రావద్దని ఆమెకు చెప్పేశారు.

ఆమె రొప్పుతూ సమీక్షాధికారి గదికి వెళ్లింది. “సార్, ఆ నేల తుడిచింది నేనండీ!”

“మెల్లగా అమ్మా. అలా రాసిచ్చావంటే మీ ఆయన శిక్ష అనుభవించనట్టే. రేపే జైలుకు పంపాలి. రాసిస్తావా?”

ఆమె రాసివ్వలేదు. (చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది కానీ, నిబంధనల ప్రకారం అధికారి మాటలో తప్పు లేదు.)

“మరి రేపట్నుంచి ఎవరు తుడుస్తారు సార్?”

“ఇంకో నేరస్థుడొస్తాడు. ఆ పని ఇప్పుడు వాళ్లకేనమ్మా. అదీ మొదటి నేరమై ఉండాలి. ఎవరికైనా దెబ్బ తగిలినా చిన్న గాయమే అయ్యుండాలి.”

ఆమె బల్ల మీది పేపర్‌వెయిట్ చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

“చిన్న గాయమంటే ఎంతవరకు సార్?” అని వినయంగా అడిగింది.