రెండు చుట్లు

పొద్దున్నే దక్షిణాన మబ్బు చూసి, పశువుల మకాం పెద్ద డాన్ ఎలీహియో ఆ రోజు పని చెప్పాడు. సంపు అడుగున మిగిలిన నాలుగు వేళ్ల నీళ్లు బిందెకు తోడేసి, సంపు కడగాలి. తొలి వాన ఇంటికప్పు రేకుల మీది ఏడు నెలల దుమ్మూ, రాబందుల రెట్టా కడిగి బయటికి పోవాలి. నీళ్లు తేటపడగానే కప్పు నుంచి దిగే గొట్టానికున్న చక్రం ఒక్క చుట్టు తిప్పితే చాలు, వాన సంపులోకి దిగుతుంది. ఇంకో చుట్టు తిప్పితే మళ్లీ బయటికే.

ఈ చాకో మైదానంలో బావి నీళ్లు ఉప్పు. ఆవులే మూతి తిప్పుకుంటాయి. ఈ వాన పట్టకపోతే మందను ఇరవై క్రోసుల అవతలి ఏటికి తోలాలి. సగం దారిలోనే కూలతాయి.

ఎలీహియో ఆవుల కోసం వెళ్లాడు. మధ్యాహ్నం వాన కుండపోతగా దిగింది. వంటామె న్యా సెఫెరినా నెత్తిన తోలు కప్పుకుని పరుగెత్తి చక్రం తిప్పి వచ్చింది. కాసేపటికి కొట్టం వైపు నుంచి పశువుల కాపరి ఫుల్హెన్సియో వచ్చాడు. ఆడమనిషికి ఇలాంటివి ఎక్కడ గుర్తుంటాయని గొణుక్కుంటూ తనూ ఓ చుట్టు తిప్పాడు.

గంటలో వాన వెలిసింది. ఇక నీళ్లకేం కొదవ! బిందె నీళ్లు పోసి తెరెరె ఆకు నానబెట్టి చల్లటి పానీయం కలిపారు. ఒకే కొమ్ము గ్లాసు, పీల్చడానికి ఒకే సన్న గొట్టం, చేతులు మారుతూ పీల్చారు. మూడు నెలల తర్వాత సెఫెరినా తలంటుకుంది. తడిసి ముద్దై వచ్చిన ఎలీహియో కూడా నాలుగు కొమ్ములు లాగించాడు.

"నేను తిప్పబట్టే ఈ భోగం," అన్నాడు ఫుల్హెన్సియో.

"నీ మొహం. తిప్పింది నేను," అంది సెఫెరినా.

"నువ్వా? నువ్వు పొయ్యి దగ్గర కునుకు తీస్తుంటే తడిసింది నేనమ్మా."

ఎలీహియో పీలుస్తున్నవాడు ఆగాడు. లేచి, సంపులోకి చేద వదిలాడు. అది అడుగున ఠంగుమంది. బిందె వంచి చూశాడు. సెఫెరినా జుట్టు నుంచి కారుతున్నవి తప్ప మకాంలో మంచినీళ్లు లేవు.

"ఎవరు తిప్పార్రా?" అన్నాడు నెమ్మదిగా.

"నేను పొయ్యి దగ్గరే ఉన్నా డాన్ ఎలీహియో. ఇతన్నే అడగండి," అంది సెఫెరినా.

"నేను కొట్టం దాటలేదు. ఒట్టు," అన్నాడు ఫుల్హెన్సియో.

సాయంత్రం ముగ్గురూ మందను తోలుకుని ఏటి దారి పట్టారు. చీకటి పడేసరికి మొదటి దూడ కూలింది.

ఎవరూ ముట్టుకోని చక్రం మాత్రం రెండు చుట్లు తిరిగి ఉంది.