ఒక్క స్క్రూకి వీధంతా

గడియారాల మెకానిక్ ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. మామగారి చేతి గడియారానికి చివరి స్క్రూ బిగించాలి, ఆయన భోజనానికి వచ్చేసరికి చేతిలో పెట్టాలి. ఊరందరి వాచీలూ బాగుచేసే మనిషి దగ్గర ఆ వాచీ ఒక్కటే ఏళ్ల తరబడి మూలుగుతోంది మరి.

"ఈసారి కూడా రేపు, ఎల్లుండి అన్నారంటే మా నాన్న ముందు నా పరువు పోతుంది. ఆ తర్వాత మీ పని చెప్తా!" అని వంటింట్లోంచి భార్య హెచ్చరించింది.

వెలుతురు బాగుంటుందని బల్ల బాల్కనీలో వేసుకున్నాడు. ట్వీజర్‌తో స్క్రూ పట్టుకున్నాడో లేదో, తుమ్మొచ్చింది. కళ్లు తెరిచేసరికి స్క్రూ మాయం. బల్ల మీద లేదు, నేల మీదా లేదు. అంటే వీధిలో పడిందన్నమాట. ట్వీజర్ చెవి వెనక దోపుకుని, సొరుగులోని అయస్కాంతానికి దారం కట్టి, పిల్లిలా కిందికి దిగాడు.

దాన్ని వీధి పొడవునా లాక్కెళ్తుంటే గుండుసూదులు, మేకులు, సైకిలు నట్లు ఒక్కొక్కటే వచ్చి అతుక్కుని నిమ్మకాయంత ముద్దయింది. స్క్రూ మాత్రం రాలేదు.

"ఏం పోయిందండీ?" అని పాలవాడు అడిగాడు.

పైన భార్య వింటుందని మెకానిక్ "ష్!" అన్నాడు. ఆ "ష్" కొంప ముంచింది. ఇంత గుట్టుగా వెతుకుతున్నాడంటే బంగారమే అయ్యుంటుందని పాలవాడు క్యాను దించి వంగాడు. అతన్ని చూసి ఇస్త్రీ చేసే ఆవిడ వంగింది, ఆవిడని చూసి ఆఫీసుకి పోతున్న గుమాస్తాలు వంగారు. వీధి మలుపు తిరిగేసరికి బంగారం కాస్తా వజ్రమైంది. ఎటు చూసినా నడుములే, తలకాయ ఒక్కటీ కనబడదు.

మామగారి ఆటో ఆ గుంపులో ఇరుక్కుపోయింది. ఆయన దిగి, అందరిలాగే వంగి, పక్క మనిషిని అడిగారు. "ఏం పోయిందయ్యా? అరె, అల్లుడూ, నువ్వా!"

మెకానిక్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. "స్క్రూ, మామయ్యగారూ. మీ వాచీదే," అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

"మరి నీ చెవి వెనక ఆ పుల్లకి అంటుకున్నదేంటి?"

అయస్కాంతంతో ఒకే సొరుగులో కాపురం చేసి చేసి ట్వీజర్‌కీ ఆ గుణమే అబ్బింది. దాని కొసన స్క్రూ హాయిగా వేలాడుతోంది.

గంట తిరక్కుండానే వాచీ టిక్కుటిక్కుమంటూ మామగారి చేతికెక్కింది. భార్య మొహం వెలిగిపోయింది. మెకానిక్ బాల్కనీలోంచి అరిచాడు. "దొరికిందండీ, ఉత్త స్క్రూయే! ఇక ఇళ్లకి వెళ్లండి!"

"చెప్పొచ్చాడు! స్క్రూ కోసం ఇంతమంది వెతుకుతారా?" అన్నారెవరో కిందనుంచి. ఒక్కరూ కదల్లేదు.

భోజనం కాగానే మామగారు చెప్పులేసుకున్నారు, తానూ ఒకసారి చూసొస్తానని.