సెమంతా ఏటి మీద ఉప ఎన్నిక వంతెన

"మాన్యులు కన్నుమూశారు. అయితేనేం, అభివృద్ధి కళ్లు తెరిచింది!"

ఈ మాట డాతుక్ బిరుదున్న మంత్రి మహద్జిర్ గారు ఖబరస్తాన్‌లో అన్నారు. ఎంపీగారి సమాధి మీద మట్టి ఇంకా తడి ఆరలేదు. పార్లమెంటులో సీటు ఖాళీ అయితే రెండు నెలల్లో నింపాలని చట్టం. చట్టమంటే మంత్రిగారికి అంత గౌరవం.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టబోయి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి అవే చేతులు దువాకి చాచినవాడు బొర్హాన్. సెమంతా ఊళ్లో కాఫీకొట్టు నడుపుతాడు, పార్టీ శాఖకి కార్యదర్శి. పార్టీ అతన్ని ఎప్పుడూ ఏమీ అడగలేదు, అతనూ పార్టీని ఏమీ అడగలేదు, ఒక్క వంతెన తప్ప. ఊరికీ పట్నానికీ మధ్య ఏరుంది. దాని మీద వంతెన వరదకి కొట్టుకుపోయి ఏళ్లయింది. అప్పట్నుంచీ పడవే గతి. ఇప్పుడు కూతురు సఫూరాకి ఎనిమిదో నెల. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. వానలు ముంచుకొస్తున్నాయి.

"డాతుక్, మా వంతెన..." అన్నాడు బొర్హాన్, ఖబరస్తాన్ గేటు దగ్గర కారుకి అడ్డం పడి.

మంత్రిగారు అతని భుజం మీద చెయ్యేశారు. "వంతెన మన పోయిన ఎంపీగారి కల బొర్హాన్. పాపం, కలగంటూనే పోయాడు. సోమవారం ఆ కలని నిద్ర లేపుతాం."

ఆయన అన్నంత పనీ చేశారు. సోమవారం సైన్యం లారీల్లో ఇనుప దూలాలేసుకుని దిగింది. చూస్తూండగానే ఏటి మీద వంతెన లేచింది. జనం నోళ్లు తెరిచారు. ఏళ్ల తరబడి సాధ్యం కాదని ఇంజనీర్లు రుజువు చేసిన పని, ఎలక్షన్ కమిషన్ ఒక్క తేదీ ప్రకటించేసరికి సాధ్యమైపోయింది.

రిబ్బన్ కత్తిరించాక మంత్రిగారి చూపు ఒడ్డునున్న పడవ మీద పడింది.

"ఇంకా దీనికిక్కడేం పని? ఇది మన వెనకబాటుతనానికి చిహ్నం. మ్యూజియానికి పంపండి!"

పడవని లారీ ఎక్కించారు. పడవవాడికి శాలువా కప్పారు.

ఇక అభివృద్ధిని ఆపడం ఎవరి తరం కాలేదు. కరెంటు రాని సందుల్లో దీపస్తంభాలు పాతారు. మసీదుకి ఒకవైపు, కెమెరాలుండే వైపు, సున్నం వేశారు. చక్రాల కుర్చీలొచ్చాయి. సైకిల్ మీద చేపలమ్మే లెబాయ్ తాతని ఒకదాంట్లో కూలేశారు.

"నాకు కాళ్లున్నాయి బాబూ!"

"ఉంటే ఉండనీ తాతా, ఫోటో అయ్యేదాకా కదపకు."

మర్నాడు అవతలి పార్టీ కూడా ఆయనకో చక్రాల కుర్చీ ఇచ్చింది. దేశంలో రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికి వచ్చింది లెబాయ్ తాత కాళ్ల విషయంలో ఒక్కదాన్లోనే. ఆ పార్టీవాళ్లు కొత్త వంతెన మీదుగానే వచ్చి, ఇది ఓట్ల కోసం వేసిన వంతెన అని దుమ్మెత్తిపోసి, మళ్లీ దాని మీదుగానే వెళ్లిపోయారు.

పార్టీ అభ్యర్థి హాజీ కమరుజ్జమాన్ గారు మంత్రిగారి బావమరిది. రాజధానిలో ఉంటారు. దిగీ దిగగానే బొర్హాన్‌ని కావిలించుకున్నారు.

"ఇది నా సొంతూరు తమ్ముడూ! నా రక్తంలోనే ఉంది. ఇంతకీ ఊరి పేరేంటి?"

బొర్హాన్‌కి కళ్లు చెమర్చాయి. ఇంటింటికీ తిరిగాడు. వంతెనకి నాదీ పూచీ అన్నాడు. ఇంట్లో భార్య కమ్సియా మాత్రం మూతి తిప్పింది.

"వీళ్ల మాట నమ్మి ఊరందరికీ మాటిస్తున్నావ్."

"మాటేంటే? అది ఇనుము! ఇనుముని కూడా నమ్మవా?"

ఊరు ఇనుముని నమ్మింది. హాజీగారు భారీ మెజారిటీతో గెలిచారు. డప్పులు మోగాయి. బొర్హాన్ కాఫీ ఉచితంగా పోశాడు.

సోమవారం పొద్దున్నే అల్లుడు సఫూరాని కారులో పట్నం తీసుకెళ్లాడు, డాక్టరుకి చూపించడానికి. కారు వంతెన దాటి మలుపు తిరిగిందో లేదో, సైన్యం లారీలు వచ్చాయి. రంగు వేయడానికేమో అనుకున్నాడు బొర్హాన్. బోల్టుల చప్పుడు వినిపించేసరికి కొట్టొదిలేసి పరిగెత్తాడు.

"ఏం చేస్తున్నారు నాయనా?"

"విప్పుతున్నాం బాబాయ్," అన్నాడు సార్జెంటు మర్యాదగా.

"ఎందుకూ?"

"ఉత్తరాన ఇంకో ఎంపీ పోయారు. అక్కడా ఏరుంది."

"మరి మాకు?"

సార్జెంటు అతన్ని జాలిగా చూశాడు. "మీకు ఎంపీ ఉన్నారుగా బాబాయ్!"

బొర్హాన్ హాజీగారికి ఫోన్ చేశాడు. ఆయన ప్రమాణ స్వీకారానికి బట్టలు కుట్టించుకుంటున్నారు. "అది రక్షణశాఖ మేటరు తమ్ముడూ. నేను కొత్తవాణ్ణి. ఒక్క టర్మ్ టైమివ్వు," అని పెట్టేశారు.

మధ్యాహ్నానికి ఏటికి అటువైపు కారు వచ్చి ఆగింది. సఫూరా పొట్ట పట్టుకుని దిగింది.

"నాన్నా! వంతెనేదీ?"

కమ్సియా మొగుడి వైపు ఒక్క చూపు చూసి, ఏటి అంచుకెళ్లి నిలబడి అరిచింది. "అక్కడే ఉండవే తల్లీ! ఆసుపత్రి వైపే ఉండు! నీళ్ల దగ్గరికి రాకు!"

వాన అందుకుంది. ఏరు పొంగింది. పడవ కోసం మ్యూజియానికి కబురు పెడితే, ప్రదర్శనలో ఉన్న వస్తువుని కదపాలంటే మంత్రిగారి సంతకం కావాలన్నారు. సఫూరాకి తల్లి పక్కన లేకుండానే కాన్పయింది. మగపిల్లాడు. నాలుగోనాడు అల్లుడు వాణ్ణి దుప్పట్లో చుట్టి ఒడ్డుకి తెచ్చి పైకెత్తి చూపించాడు. ఇటునుంచి దుప్పటి ఒక్కటే కనిపించింది. కమ్సియా ఆ దుప్పటికే ముద్దులు విసిరింది. బొర్హాన్ తలెత్తలేకపోయాడు. ఊళ్లో ఎవరూ అతన్ని ఒక్క మాటా అనలేదు. అది మరీ కోసేసింది.

వానలు తగ్గాక హాజీగారు కృతజ్ఞతలు చెప్పుకోవడానికి హెలికాప్టర్‌లో వచ్చారు. ఊరు విందు చేసింది. వంట కమ్సియాదే. గొడ్డుమాంసం రెండాంగ్ కొబ్బరిపాలలో పొద్దుట్నుంచీ మగ్గి, పైన వేలెడు మందాన నూనె తేలింది.

హాజీగారు వాసన పీల్చి నిట్టూర్చారు. "నా నోటికి రాసిపెట్టి లేదు తమ్ముడూ. షుగరుంది, బీపీ ఉంది, గుండెలో స్టెంట్లు. ఇలాంటివి ముట్టుకుంటే పోతావన్నాడు డాక్టరు."

పందిరి కింద జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత అందరూ ఏటి వైపు చూశారు.

పార్టీ శాఖ కార్యదర్శి బొర్హాన్ లేచాడు. కమ్సియా చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. అడుగుదాకా ముంచి, హాజీగారి పళ్లెంలో గుట్టగా పోశాడు.

"డాక్టర్లకేం తెలుసు హాజీగారూ! మీరు తినకపోతే మా మీద ఒట్టే."

వెనకే లెబాయ్ తాత సైకిల్ దిగి, పనసని మించి తీపీ కొవ్వూ ఉండే దురియన్ పళ్లు ఒలిచి తెచ్చిపెట్టాడు. పడవవాడి పెళ్లాం మెదడు వేపుడు తెచ్చింది. అవతలి పార్టీ శాఖ కార్యదర్శి ఇంటికి పరిగెత్తి నేతి మిఠాయి గిన్నెతో వచ్చాడు.

హాజీగారు పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. "ఇంత ప్రేమ ఏ నియోజకవర్గంలోనూ చూళ్లేదమ్మా!"

"ఇంకాస్త వేసుకోండి," అంది కమ్సియా.