స్క్రూ కదలదు, ఇది ప్రభుత్వ హామీ

ఇకపై రాష్ట్రంలో ఏ పౌరుడి నోట్లోనూ స్క్రూ వదులు కారాదని దంత స్థిరత్వ శాఖ మంత్రి శ్రీరామప్పగారు రాబర్ట్‌సన్‌పేట సభలో ప్రకటించారు. చప్పట్లు మిన్నంటాయి. నేనూ కొట్టాను. మా పక్కింటి ఫ్లోరా బాధ నాకు తెలుసు మరి!

ఫ్లోరాకు ఎత్తుపళ్ళు. విమానంలో ఉద్యోగం చెయ్యాలని ఆశ, క్రిస్మస్ వెళ్ళగానే ఇంటర్వ్యూ. డాక్టర్ కుముద ఆమె దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగించి, దానికి స్ప్రింగు తగిలించి, ముందుపళ్ళను వెనక్కి లాగాలని చూసింది. పళ్ళు రాలేదు, స్క్రూ ఊడివచ్చింది. రెండోసారీ అదే కథ. పాపం, ఏడ్చి ఏడ్చి పిల్ల కళ్ళు వాచిపోయాయి.

మంత్రిగారు ఊరుకుంటారా? వెంటనే మైఖేల్‌ను స్టెబిలిటీ అడ్వైజర్‌గా వేశారు. మా ఊరి బంగారు గని మూతపడేదాకా సొరంగం కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టించిన మేస్త్రీ ఆయన. కూలిపోవడం గురించి అంత అనుభవం పార్టీలో ఇంకెవరికీ లేదు.

కుముద మూడో స్క్రూ బిగించింది. మైఖేల్ టార్చి వేసి ఫ్లోరా నోట్లోకి తొంగిచూశాడు. స్క్రూను తట్టి చెవి ఒగ్గాడు.

"గట్టిగానే ఉండాది. ఇంగ ఇన్‌స్పెక్టర్ వచ్చి పాస్ చేసేదాకా దీనిపైన బరువు పెట్టకూడదు. గనిలో రూలు."

"స్ప్రింగు తగిలించకుంటే పళ్ళు ఎట్ల కదుల్తాయప్పా?" అంది కుముద.

"పళ్ళ సంగతి నాకెందుకమ్మా? నన్ను వేసింది స్క్రూకి కదా!"

"ఆ ఇన్‌స్పెక్టర్ యాడ ఉన్నాడు?" అన్నాను ఫ్లోరాకు తోడు వచ్చిన నేను.

"గని మూసినప్పుడే ఆ పోస్టు తీసేసినారు. రూలు ఎవురూ తీయలేదు."

ఎంత నిష్ఠ! కుముద దొంగచాటుగా స్ప్రింగు తగిలిస్తుందేమోనని క్లినిక్ గుమ్మంలోనే కుర్చీ వేసుకున్నాడు మహానుభావుడు.

ఫ్లోరా ఇంటర్వ్యూకి బెంగళూరు వెళ్ళి, సాయంత్రం రైలుకే తిరిగొచ్చింది. పళ్ళు సరిచేయించుకుని రమ్మన్నారట. నాకు ఒళ్ళు మండింది. కానీ నిజం ఒప్పుకోవాలి, స్క్రూ మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అందుకే విజయోత్సవం జరిగింది. మైఖేల్‌కు శాలువా కప్పారు. పోస్టరు ఫోటో కోసం మంత్రిగారు ఫ్లోరాను పక్కన నిలబెట్టుకున్నారు.

"ఇంత గట్టి స్క్రూ దేశంలోనే యాడా లేదు! నగమ్మా ఫ్లోరా, బాగా నగు!"

ఫ్లోరా పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఫోటోగ్రాఫర్ కెమెరా దించేసి మంత్రిగారి వైపు చూశాడు.

"నోరు మూసుకొని నగమ్మా," అన్నారు మంత్రిగారు.