ఇసుకలో కనబడని మనిషి

ఆ ఉదయం దుర్భిణి మాస్టారు వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. తొమ్మిదికల్లా రిపోర్టు పైకి పంపడం, ఒక పూట సెలవు పెట్టడం, తెగిన చెప్పు కుట్టించుకుని ఇంటికెళ్లి కాళ్లు బారజాపడం. అంతకుమించి ఆయన లోకాన్ని ఏమీ కోరలేదు. లోకమే ఆయన్ని వదలదలచుకోలేదు.

ఆయన పనిచేసేది సైన్యం వాళ్ల మచ్చల యూనిఫాంలను పరీక్షించే ఆఫీసులో. ఆఫీసు వెనక పెద్ద మైదానాన్ని నాలుగు మళ్లుగా విడగొట్టారు. ఒకటి గుబురు పొదలు, ఒకటి ఇసుక, ఒకటి రాళ్లు, నాలుగోది మంచు దొరక్క సున్నం చల్లిన నేల. కొత్త గుడ్డ వచ్చినప్పుడల్లా ఒక మనిషి దాన్ని తొడుక్కుని మడిలో ఎక్కడో నక్కుతాడు. మాస్టారు మంచె మీద కూర్చుని దుర్భిణితో వెతుకుతారు. ఎన్ని నిమిషాల్లో దొరికాడన్నదే గుడ్డకు మార్కు. ఇరవై రెండేళ్లలో ఆయన కంటికి అరగంట దాటి దొరకని మనిషి లేడు. ఫర్లాంగు అవతల చీమ ఆవులిస్తే పళ్లు లెక్కపెడతారని ఆఫీసులో చెప్పుకునేవారు. నేను మరీ అంత అనను గాని, పది పళ్ల దాకా లెక్కపెట్టి ఉంటారు.

నక్కే మనిషిని అందరూ పొదల బావ అనేవారు. అతను ఏ వైపు వెళ్లాడో చూసేవాడికి తెలియకూడదని అక్కడి రూలు. అందుకని మాస్టారు రోజూ పావుగంట సేపు, ఎక్కాలు రాని పిల్లాడిలా గోడకు ముఖం పెట్టి నిలబడేవారు. తర్వాత మంచె ఎక్కి, గంట కొట్టి, వెతకడం మొదలుపెట్టేవారు. మధ్యాహ్నం దాకా మనిషి దొరక్కపోతే రిజిస్టర్లో "కనబడలేదు" అని రాసి, వెనక్కి తిరిగి చూడకుండా దిగి పోవాలి. నక్కిన చోటు బయటపడితే మర్నాటికి పనికిరాదు గదా. ఈ రూళ్లన్నీ పాటిస్తే ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన అవసరమే లేదు.

ఈసారి వచ్చింది అన్ని చోట్లా పనికొస్తుందని చెప్పిన గుడ్డ. ఆకుపచ్చ, పసుపు, నలుపు, తెలుపు మచ్చలు, ఒక్కొక్కటి పళ్లెమంత. మాస్టారు చూడగానే పెదవి విరిచారు. ఇసుకలో ఆకుపచ్చ అరుస్తుంది, పొదలో తెలుపు అరుస్తుంది, నలుపు ఎక్కడ పెట్టినా అరుస్తుంది. ఏ నేలకు ఆ రంగు ఉండాలి గాని, అందరికీ చుట్టమైతే ఎలా అనుకున్నారు. కాని ఎనిమిది రోజులు, ఒక్కో మడిలో రెండేసి రోజులు, కళ్లు కాయలు కాచేలా వెతికినా మనిషి దొరకలేదు. ఎనిమిది పేజీల నిండా "కనబడలేదు". తన తెలివికి తనే సిగ్గుపడి, అడుగున "అపూర్వం" అని కూడా చేర్చి, తొమ్మిదికి రిపోర్టు పంపేశారు.

తొమ్మిదింపావుకి పొదల బావ మిఠాయి పొట్లం పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

"తీసుకోండి మాస్టారూ. ఆడపిల్ల. అచ్చం నా పోలికే."

"సంతోషం బావా. పాపం, దానికేం తెలుసు, పెద్దయ్యాక మారుతుందిలే. ఎప్పుడు పుట్టింది?"

"పోయిన వారం. మా అత్తారింట్లో. ఎనిమిది రోజులూ అక్కడే ఉన్నా. ఒళ్లోంచి దించితే ఒకటే ఏడుపు."

మాస్టారి నోట్లో మిఠాయి సగంలో ఆగిపోయింది. "ఏ ఎనిమిది రోజులు?"

"నిన్నటి దాకా. మీకు చెప్పమని గేటు వాచ్‌మన్‌తో చెప్పానుగా?"

వాచ్‌మన్ చెప్పలేదు. అతని తప్పూ లేదు. పరీక్ష జరుగుతుండగా నక్కేవాడి ఆచూకీ చూసేవాడికి చెప్పరాదని గేటు మీద బోర్డు వేలాడుతోంది.

"మరి నేను ఎనిమిది రోజులు వెతికిందెవర్నిరా?"

"అది మీకే తెలియాలి మాస్టారూ."

ఆయన రిపోర్టు వెనక్కి తెచ్చుకోవడానికి పరుగెత్తబోతుంటే వరండాలో ఫోను మోగింది. కూతురు.

"నాన్నా! సైన్యంలో మా ఆయన కంపెనీకి కొత్త యూనిఫాంలు ఇస్తున్నారట. మీరే పాస్ చేశారటగా?"

"అప్పుడే ఎవరు చెప్పారమ్మా?"

"ఇప్పుడే కబురొచ్చింది. పది రోజుల్లో ఇసుక సరిహద్దుకి బయల్దేరాలి కదా, ఇన్నాళ్లూ నాకు గుండెల్లో రాయి ఉండేది. ఇప్పుడు లేదు నాన్నా. మీ అల్లుడు ముందు వరసలో నడవడానికి పేరు కూడా ఇచ్చేశారు. 'మా మామగారి కళ్లకే దొరకని గుడ్డ, ఇంక శత్రువు కళ్లెంత' అంటున్నారు."

కూతురి గుండెల్లోంచి దిగిన రాయి తిన్నగా వచ్చి మాస్టారి గుండెల మీద కూర్చుంది. ఆయన ఫోను పెట్టి, కుర్చీ ఉందనుకుని కూర్చున్నారు. లేదు.

సూపరింటెండెంటు గదిలోకి దుమ్ము దులుపుకుంటూ వెళ్లారు.

"సార్, ఆ రిపోర్టు చెల్లదు. మడిలో మనిషే లేడు. అత్తారింట్లో ఉన్నాడు."

సూపరింటెండెంటు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే, ఎనిమిది రోజులు ఖాళీ నేలని చూసి అపూర్వం అని రాశావా?"

"రాశాను సార్."

"దాని మీద నేను సంతకం పెట్టానా?"

"పెట్టారు సార్."

"అది చూసి పెద్దాఫీసరుగారు నాలుగొందల జతలకి ఆర్డరిచ్చారా?"

"ఇచ్చారంటున్నారు సార్."

సూపరింటెండెంటు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"అయితే మనిషి ఉన్నాడయ్యా," అన్నారు సూపరింటెండెంటు.

పొదల బావను పిలిపించారు. "నువ్వు ఎనిమిది రోజులూ మడిలోనే ఉన్నావా, లేకపోతే ఉద్యోగం ఊడిపోయేలా ఎక్కడికైనా వెళ్లావా? తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు."

బావకు ఆలోచన అక్కర్లేకపోయింది. "మడిలోనే ఉన్నానండి. మాస్టారు రెండుసార్లు నా పక్కనుంచే వెళ్లారు."

"నేను మంచె దిగనే లేదు కదరా!"

"మీకు గుర్తుండదులెండి. వెతికే ధ్యాసలో ఉన్నారు."

బయటికొచ్చాక మాస్టారు అతని చేతులు పట్టుకున్నారు. "బావా, నా కూతురి కాపురం నీ నోట్లో ఉంది."

"నా కూతురి పాలడబ్బా మీ నోట్లో ఉంది మాస్టారూ," అన్నాడు బావ. ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు గనక చేతులు వదిలేసి ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఇంట్లో భార్యకు చెప్పుకుంటే ఆవిడ అంతా విని, "లేని మనిషి కోసం ఎనిమిది రోజులు వెతికారా? ఇంట్లో ఉన్న ఉప్పు డబ్బా మాత్రం ఏనాడూ మీకు కనబడి చావదు," అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "పెద్దాఫీసరుకే రాయండి. ఆయన కళ్లతో ఆయన్నే చూసుకోమనండి," అంది. మాస్టారు రాశారు.

మూడో రోజు పెద్దాఫీసరు వచ్చారు. వెంట పదకొండు మంది అధికారులు, పన్నెండు కుర్చీలు, పన్నెండు దుర్భిణులు. పరీక్ష ఇసుక మడిలోనే పెట్టమన్నారు. మాస్టారికి మూడు రోజుల తర్వాత ఊపిరాడింది. ఇసుక మీద ఆ గుడ్డ పాలలో ఈగలా కనబడి తీరుతుంది. రూలు ప్రకారం ఆ పన్నెండు మందితో పాటు ఆయనా ఆనందంగా గోడకు ముఖం పెట్టి నిలబడ్డారు.

ఆ సంగతి పొదల బావకూ తెలుసు. ఇసుకలో పడుకుంటే రెప్పపాటులో దొరికిపోతాడు, దొరికితే అబద్ధం బయటపడుతుంది. అందుకని అతను మడి వైపు పోకుండా సున్నం కొట్లో దూరి బస్తాల వెనక కూర్చున్నాడు.

గంట కొట్టారు. పన్నెండు దుర్భిణులు లేచాయి. పది నిమిషాలు. ఇరవై. నలభై.

"అద్భుతం. ఏడయ్యా మనిషి?" అన్నారు పెద్దాఫీసరు.

"లేడు సార్! అక్కడ లేడు!" మాస్టారు మంచె దిగి ఇసుకలోకి ఉరికారు. ఈ చివర్నుంచి ఆ చివరికి గెంతుతూ తొక్కారు. చేతులతో తవ్వారు. "చూడండి సార్! ఇక్కడా లేడు! ఇక్కడా లేడు!"

"గమనించారా సార్," అన్నారు సూపరింటెండెంటు మెల్లగా, "మీద పడి తొక్కుతున్నా కిక్కురుమనడం లేదు. మా శిక్షణ అలాంటిది."

పెద్దాఫీసరు కళ్లు చెమర్చాయి. "ఇలాంటి సిపాయిని నా సర్వీసులో చూడలేదు," అన్నారు, ఇప్పుడు కూడా చూడకుండానే.

మాస్టారికి ఇంక ఒక్క దారే మిగిలింది. బల్ల మీదున్న నమూనా జత లాక్కుని, బట్టల మీదే తొడుక్కుని, ఇసుక మధ్యకు పోయి బోర్లా పడుకున్నారు. పెనంలా కాలుతున్న ఇసుక గడ్డానికి తగిలింది. ఇంకో వారంలో ఇలాగే అల్లుడు పడుకుంటాడు, వీపు మీద నాలుగు రంగుల పళ్లేలు పరుచుకుని. ఆ ఊహకే ఆయనకు ఏడుపొచ్చింది.

"కనబడుతున్నానా సార్?" అని అక్కణ్ణుంచే అరిచారు.

పెద్దాఫీసరుకు దుర్భిణి అవసరం కూడా లేకపోయింది. "ఆమడ దూరానికి కనబడతావయ్యా! ముక్కు తుడుచుకుంటున్నావు కూడా!"

మాస్టారు ఆనందంతో లేచి పరుగెత్తుకొచ్చారు. "అయితే ఆ గుడ్డ..."

"గుడ్డకేమైంది? అదే గుడ్డ, అదే ఇసుక. అతను కనబడలేదు, నువ్వు కనబడ్డావు. తేడా ఎవరిలో ఉంది?"

ఉత్తర్వు అక్కడికక్కడే అయింది. చూసే ఉద్యోగం పొదల బావకు. మాస్టారు ఇకమీదట నక్కాలి, ఆ విద్య బావ దగ్గరే నేర్చుకోవాలి. సరిగ్గా అప్పుడే బావ సున్నం కొట్లోంచి, తలనుంచి కాళ్లదాకా తెల్లగా, అందరి వెనకనుంచి వచ్చి సెల్యూట్ కొట్టాడు.

"ఎటునుంచి వచ్చాడో కూడా తెలియలేదు!" అని అధికారులు చప్పట్లు కొట్టారు.

మాస్టారు పెద్దాఫీసరు కాళ్ల మీద పడ్డారు. "నన్నేం చేసినా సరే బాబూ. ఆ గుడ్డ మా అల్లుడి కంపెనీకి మాత్రం వద్దు. ముందు వరసలో నడుస్తాడు."

పెద్దాఫీసరు ఆ మాట దగ్గర ఆగారు. గుడ్డ అంచును రెండు వేళ్లతో నలిపి చూశారు. పదకొండు మంది అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇతను చెప్పిందీ నిజమే," అన్నారాయన నిదానంగా. "ఇంత గొప్ప గుడ్డని ముందు వరస సిపాయిలకిచ్చి పాడుచేయడమేమిటి? ముందు ముఖ్యమైన ప్రాణాల సంగతి చూడాలి."

సాయంత్రానికి కూతురు ఫోను చేసింది. "కొత్తవన్నీ వెనక్కి తీసుకున్నారట నాన్నా. పెద్దాఫీసర్లకట. మావాళ్లకి మళ్లీ ఆ పాత ఇసుకరంగువే." వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఏడవకమ్మా," అన్నారు మాస్టారు. ఆయన కూడా ఏడుస్తున్నారు గాని, వేరే ఏడుపు.

మరుసటి నెల సరిహద్దు దగ్గర ఏటా జరిగే ఉత్తుత్తి యుద్ధం జరిగింది. అల్లుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "మామయ్యగారికి నమస్కారాలు. మా కంపెనీలో వంద మందిమీ సాయంత్రం దాకా ఎవరికీ కనబడలేదు. ఇసుక దిబ్బ మీద నక్కిన పెద్దాఫీసరుగారూ, తక్కిన పదకొండు మందీ మాత్రం మొదటి పావుగంటలోనే పట్టుబడ్డారు."

దాని మీద విచారణ వేశారు. గుడ్డలో ఏ లోపమూ లేదనీ, ఆ రోజు వెలుతురు అవసరానికి మించి ఉందనీ తేలింది.