రోజుకు ఐదు వందల పదాలు, ఒక పచ్చ చుక్క

పని జరగని రోజు అనేది లోకంలో లేకుండా పోయింది. నమ్మరా? నా ఫోన్ చూపిస్తాను, రండి.

ఇరవై ఆరేళ్లుగా సీరియళ్లు రాస్తున్నాను. అన్నీ హత్యలే. ఇన్నాళ్లూ నాకు నెలలో నాలుగైదు రోజులు ఉత్తగనే పోయేవి. కుర్చీలో కూర్చునేవాణ్ని. గోడను చూసేవాణ్ని. సాయంత్రానికి కాగితం మీద ఒక్క వాక్యం ఉండేది కాదు. మా ఆవిడ స్వరూప దానికి ‘గోడకు కాపలా’ అని పేరు పెట్టింది. ఎంత జాతీయ నష్టం!

ఇప్పుడా బాధ లేదు. నా సీరియల్ వేసే కరీంనగర్ ఆన్‌లైన్ వారపత్రిక మా అందరికీ ఒక యాప్ ఇచ్చింది. ఏం రాసినా అందులోనే రాయాలి. రోజుకు ఐదు వందల పదాలు దాటితే పచ్చ చుక్క. దాటకపోతే ఎర్ర చుక్క. నెలలో మూడు ఎర్ర చుక్కలు పడితే సీరియల్ ఆపేస్తారు. హంతకుడు దొరికాడా లేదా అన్నది యాప్‌కు అనవసరం.

మొదటి ఎర్ర చుక్క పడ్డ మర్నాడు ఎడిటర్ పద్మలత ఫోన్ చేసింది.

“సార్, నిన్న మీరు ఎర్రగున్నరు. పానం మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నది. ఆలోచిస్తున్న.”

“ఆలోచించుండ్రి సార్, నేను వద్దంటలేను. జర టైపు చేసుకుంట ఆలోచించుండ్రి.”

ఇంత చక్కటి సలహా ఇరవై ఆరేళ్లలో ఎవరైనా ఇచ్చారా?

ఇదివరకు నా ఇన్‌స్పెక్టర్ జ్యోతిరాణి తలుపు తీసేది. అంతే, రెండు పదాలు. ఇప్పుడు తలుపు దగ్గరికి నడుస్తుంది. ఆగుతుంది. అది టేకా, వేపా అని పరిశీలిస్తుంది. గొళ్లెం తీస్తుంది. ఎందుకో మళ్లీ వేస్తుంది. డెబ్బై పదాలు! పోయిన వారం ఇచ్చోడ హైవే మీద దాబాలో చాయ్ తాగింది. ఆ చాయ్ చల్లారడానికే మూడు వందల పదాలు పట్టింది. ఆమె వెతుకుతున్న మనిషి పక్క టేబుల్ దగ్గరే ఉన్నాడు. పాపం, చూసి చూసి లేచి వెళ్లిపోయాడు.

పత్రిక వెబ్‌సైట్ చూసుకునే సంపత్‌కూ ఈ చుక్కలున్నాయి. అతనికి పదాలు కాదు, కోడ్ లైన్లు. మాటిమాటికీ సైటు ఆగిపోతుంటే రెండు రోజులు వెతికి, దానికి కారణమైన ఒక్క లైనును పట్టుకుని తీసేశాడు. సైటు బాగుపడింది. అతనికి మాత్రం రెండు ఎర్ర చుక్కలు. ఉన్న లైను తగ్గించాడు కదా మరి!

నా దగ్గర ఒక చిన్న ఇబ్బంది మాత్రం మిగిలింది. హుస్నాబాద్ పత్తి గోదాములో కాంట్రాక్టర్ మొగిలిని ఎవరో చంపారు. అది సీరియల్ మొదటి వారం. ఇప్పుడు పంతొమ్మిదో వారం. చంపిందెవరో నాకు మొదట్లో తెలుసు. కానీ పదకొండో వారంలో, ఐదు వందల పదాల తొందరలో, ఆ హంతకుణ్ని నేనే లారీ కింద పడేశాను. ఆ రోజు చుక్క మాత్రం నిగనిగలాడింది.

ఇంకొకణ్ని వెతకాలి. వెతకాలంటే ఒక రోజు గోడను చూడాలి. ఈ నెల నాకు ఇప్పటికే రెండు ఎర్ర చుక్కలున్నాయి.

మందమర్రిలో మా పక్కింటి బుచ్చిరాములన్నకు ఈ యాప్ గొప్పతనం వివరించాను. ఆయన బొగ్గు బాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టుకు బాయి దిగగానే పొడుగు కర్రతో పైకప్పును కొట్టి, చెవి పెట్టి వినడం ఆయన పని. రాయి గట్టిగా పలికితే మనుషుల్ని లోపలికి పంపేవాడు. డొల్లగా పలికితే, కప్పు కూలుతుందని ఎవర్నీ పంపేవాడు కాదు.

“డొల్ల పలికిన నాడు ఎంత బొగ్గు తీసేటోళ్లే అన్నా?” అని అడిగాను.

“ఒక్క తట్ట తియ్యలే.”

“మరి పొద్దంత ఏం పని చేసిన్రని పైవోళ్లు అడుగలేదా?”

“అడిగిన్రు. ‘అందరం ఇంటికి వొయ్యినం సార్’ అన్న.”

ఆయనే మళ్లీ అన్నాడు.

“నీ కథను గూడ మూడు వారాలసంది కొట్టి చూస్తున్న తమ్మీ. డొల్ల పలుకుతున్నది. జర ఆగు. లోపటికి పోకు.”

ఎలా ఆగను? నేను ఒక్కరోజు ఆగితే మూడో చుక్క పడుతుంది. మొగిలి కేసు ఎన్నటికీ తేలదు. జ్యోతిరాణి ఆ దాబాలోనే, ఆ చల్లారిన చాయ్ ముందే ఉండిపోతుంది.

అందుకని పొద్దున్నే యాప్ తెరిచి, సీరియల్ ముట్టుకోకుండా, యాప్‌ను పొగుడుతూ ఈ వ్యాసం టైపు చేశాను. ఇదిగో, ఇప్పుడే పచ్చ చుక్క వెలిగింది. “శభాష్! ఈరోజు మీరు చాలా పని చేశారు” అని మెసేజ్ కూడా వచ్చింది. ఇంకా పదకొండు కాలేదు.

పద్మలతా, ఈ వ్యాసాన్ని ఎక్కడైనా వేసుకో. సాయంత్రం దాకా ఫోన్ చేయకు. నేనిక పనిలోకి దిగాలి.

స్వరూప ఇప్పటికే కుర్చీని గోడ వైపు తిప్పి పెట్టింది.